జపాన్ గిటార్ల సంగప్ప

సంగప్ప పొద్దున చాయ్ కంటే ముందు తీగలు తుడిచేవాడు. స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, దేవుని గూట్లో దీపం ముట్టించి, తువ్వాలతో వేళ్ల సందులు కూడా పొడిగా ఒత్తుకున్నాకే లోపలి అర్రలోకి పోయేవాడు. అక్కడ గోడ పొడుగునా కొట్టిన చెక్కపట్టీకి గిటార్లు వేలాడుతుండేవి. పాత ధోవతి ముక్క వేలికి చుట్టుకుని, ఒక్కొక్క తీగనే పైనుంచి కిందికి తుడుచుకుంటూ వచ్చేవాడు. గాలి పటాన్‌చెరు కంపెనీల దిక్కు నుంచి మళ్లిన మరునాడు ఆ గుడ్డ నల్లగా అయ్యేది. "మన ముక్కు కంటే తీగకు ముందు తెలుస్తది యాదగిరీ, గాలిల ఏం కలిసిందో" అని ఆ గుడ్డ నాకు చూపేవాడు.

బీరంగూడలో ఆయన ఇంటి ముందు భాగంలో నేను పద్నాలుగేళ్లు కిరాయికి ఉన్నాను. ఇద్దరిదీ ఒకటే ఫ్యాక్టరీ. ఆయన మెయింటెనెన్స్‌లో ఫిట్టరు, నేను స్టోర్స్‌లో గుమాస్తా. వాళ్లది తాతల నాటి నుంచి వ్యవసాయం చేసిన ఇల్లు. డెబ్బైల్లో భూమి ఫ్యాక్టరీ కింద పోతే, ఇంటికొక నౌకరీ అన్నారు. ఆ నౌకరీ సంగప్పకు వచ్చింది. నాగలి పట్టాల్సిన చేతులకు పానా వచ్చిందని ఆయన ఎన్నడూ బాధపడగా నేను చూడలేదు. పనిని దేవుడిచ్చిన ప్రసాదం లాగా రెండు చేతులతో తీసుకునే మనిషి.

ఆయన భార్య రాజవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ నాతో అనేది, "సూడు తమ్మీ, నా మెడల పుస్తెలు ఏ దినమన్న గిట్ల తుడిసిండా ఈ మనిషి?"

"నీ పుస్తెలు బంగారం. వాటికి తుప్పు పట్టదు" అని లోపలి నుంచే జవాబు వచ్చేది.

"నాకు పడుతున్నది గద తుప్పు!" అని ఆమె నవ్వేది. అని, ఆయన చాయ్ గ్లాసు చల్లారకుండా దాని మీద సాసరు బోర్లించేది.

ఇన్ని గిటార్లున్న ఇంట్లో ఒక్క పాట వినబడదు. సంగప్పకు వాయించడం రాదు. తీగ తుడిచాక ఒక్కసారి మీటి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా నిలబడి వినేవాడు, అంతే. ఈ మోజు ఆయనకు ఎప్పుడు పట్టుకుందంటే, ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి సికింద్రాబాద్ నుంచి ఆర్కెస్ట్రా వచ్చిన ఏడు. వాళ్ల గిటారు ఒకటి జుయ్యిమని ఒకటే మోత. పాట మొదలుపెట్టనివ్వదు. మెయింటెనెన్స్ వాళ్లెవరైనా ఉన్నారా అని మైకులో పిలిస్తే సంగప్ప పోయాడు. వెనక రేకు విప్పి లోపల చూశాడు. ఊడిన వైరు ఒకటి అతికించి ఇచ్చాడు. రెండు నిమిషాల పని. కానీ ఆయన లోపల చూసింది మరిచిపోలేదు.

"వైర్లు పిల్లకు జడ అల్లినట్టు అల్లిండ్రు" అని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు చెప్పేవాడు. "టంకం చుక్కలు అన్ని ఒక్క తీరు, ఆవగింజలోలె. మీద రేకు మూసినంక ఆ పని ఎవ్వడు చూస్తడు? ఎవ్వడూ చూడడు. అయినా అంత నీటుగ చేసిండంటె, వాడెవడో దేవునికి భయపడేటోడై ఉంటడు." ఆ రేకు మీద మేడ్ ఇన్ జపాన్ అని ఉంది. అప్పటి నుంచి ఆయనకు అదొక దీక్ష అయింది.

ఆదివారం వస్తే ఎర్రగడ్డ అంగడి, లేకపోతే మూతపడిన ఆర్కెస్ట్రా వాళ్ల ఇళ్లు, లేకపోతే పటాన్‌చెరులో పాత ఇనుము కొనేవాళ్ల గోదాం. ఎక్కడ పాత ఎలక్ట్రిక్ గిటారు ఉందని తెలిసినా సైకిలు తీసేవాడు. ఆరు తీగలది దొరికితే సంతోషం. నాలుగు తీగల బేస్ గిటారు దొరికితే ఇంకా సంతోషం. విరిగినవి, తడిసినవి, ఎవరో పిల్లలు మేకులు కొట్టినవి తెచ్చి నెలలకు నెలలు కూర్చుని బాగుచేసేవాడు.

ఏది నిజంగా జపాన్‌ది, ఏది కాదు అని పసిగట్టడంలో ఆయనది ఒక ఫిట్టరు పద్ధతి. "తల మీద రాసిన పేరు చూడొద్దు" అనేవాడు. "ఒక్క కార్ఖానల చేస్తరు, పది దేశాల దుకాణపోళ్లు పది పేర్లు అంటించుకుంటరు. పేరు అబద్దం చెప్పొచ్చు, స్క్రూ చెప్పదు." ఫ్యాక్టరీలో ఎనభై రెండులో ఒక కొత్త జపాన్ మిషను వచ్చింది. దాని పనిముట్ల డబ్బాలోని స్టార్ స్క్రూడ్రైవరు, పాతది అరిగిందని రాసి కొత్తది తెప్పించినప్పుడు, మేనేజరును అడిగి ఆ అరిగినదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. మన బజారు డ్రైవరు పెడితే జపాన్ స్క్రూ తల మీద జారుతుంది, కొంచెం గట్టిగా తిప్పితే గాడి చెడుతుంది. ఈ డ్రైవరు మాత్రం తాళంలో చెవి కూర్చున్నట్టు కూర్చుంటుంది. అరిగినా సరే. కళ్లు మూసుకుని కూడా చెప్పేవాడు.

స్క్రూల తర్వాత మెడ. బేస్ గిటారుకు మెడ, ఒళ్లు వేరువేరుగా చేసి, వెనక నాలుగు స్క్రూలతో బిగిస్తారు. అవి విప్పితే మెడ మొదట్లో, చెక్క మీద, ఒక్కోసారి సిరా ముద్రతో అంకెలుంటాయి. తయారైన తారీఖు. అది దొరికితే సంగప్పకు పండుగ. వంద పేజీల నోటుబుక్కులో రాసుకునేవాడు. ఏ ఊరు, ఎవరిది, ఏ అంకె, స్క్రూలు ఎట్లా ఉన్నాయి.

పేరు పాకింది. సంగారెడ్డి నుంచి, రామచంద్రాపురం నుంచి గిటార్లు చేత పట్టుకుని వచ్చేవాళ్లు. "అన్నా, ఇది అసలుదేనా చెప్పు." ఎవరినీ వట్టి చేతులతో పంపేవాడు కాదు. ఊడిన వైరో, వదులైన గుబ్బో బాగుచేసి ఇచ్చేవాడు. బిహారు నుంచి వచ్చిన కూలీ పిల్లగాడు ఒకడు రేడియో పట్టుకుని వచ్చి గిటార్ల వరుసలో నిలబడితే, మొదలు వానిదే తీసుకున్నాడు. "వానికి ఊరి పాటలు అండ్లనే వస్తయి. గిటారోళ్లు జెర ఆగుతరు" అన్నాడు. ఇట్లాంటివి ఆయన లెక్కపెట్టుకోలేదు. నేను మాత్రం చూస్తూ ఉండేవాణ్ణి.

ఎనభై ఐదులో వినాయక చవితికి ముందు జరిగింది చెప్పాలి.

మా ఫ్యాక్టరీలో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. అకౌంట్స్‌లో సూర్యప్రకాశరావు గారు దానికి పెద్ద. ఆయనది గుంటూరు దిక్కు. అకార్డియన్ వాయించేవారు. శుద్ధమైన మనిషి, కాకపోతే నలుగురిలో పరువు అంటే ప్రాణం. బేస్ వాయించేది నాగయ్య. నాగయ్యది భానూర్. వాళ్ల నాయిన కూలి పని చేసిన మనిషి. నాగయ్య పద్నాలుగో ఏట సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో గ్లాసులు కడగడానికి కుదిరాడు. అక్కడ డెన్నిస్ అనే ముసలాయన బేస్ వాయించేవాడు. నాగయ్య ఆయన స్పీకరు డబ్బా మోసేవాడు. మోసీ మోసీ, చూసీ చూసీ, నేర్చుకున్నాడు. తర్వాత డెన్నిసే కూర్చోబెట్టి నేర్పాడు. డెన్నిస్ ఆస్ట్రేలియాలో బిడ్డ దగ్గరికి పోయేటప్పుడు ఆ బేస్ గిటారు నాగయ్య చేతిలో పెట్టి, "ఇది జపాన్‌ది. మంచిగ చూసుకో బేటా" అని చెప్పాడట. ప్రతి క్రిస్మస్‌కు ఆస్ట్రేలియా నుంచి ఒక కార్డు వచ్చేది. నాగయ్య దాన్ని మా స్టోర్స్‌కు తెచ్చి, నాతో చదివించుకుని, నాతోనే జవాబు రాయించుకునేవాడు.

గిటారు తల మీద పేరు లేదు. వెనక రేకు ఎప్పుడో మార్చారు, దాని మీదా ఏమీ లేదు. ఆ ఏడు చవితి ప్రోగ్రాంకు హెడ్డాఫీసు వాళ్లు వస్తున్నారని తెలిసి సూర్యప్రకాశరావు గారికి గుబులు పట్టుకుంది. క్యాంటీను వెనక షెడ్డులో రిహార్సల్ జరుగుతుంటే సంగప్పను పిలిపించారు.

"సంగప్పా, మైకులో జపాన్ బేస్ గిటారు అని చెబుతున్నాం. వచ్చేవాళ్లలో తెలిసినవాళ్లుంటారు. రేపు నవ్వులపాలు కాకూడదు. నీ మాట కావాలయ్యా."

"ఇప్పి చూడు అన్నా" అని నాగయ్యే ముందుకు వచ్చాడు. "నాకేం భయం? డెన్నిస్ దొర అబద్దం చెప్పేటోడు కాదు."

సంగప్ప తన డ్రైవరు తీశాడు. నాలుగు స్క్రూలూ మెత్తగా, జారకుండా వచ్చాయి. మెడ ఊడదీసి బల్బు కింద పట్టుకున్నాడు. చెక్క మీద నీలి సిరాలో మూడు అంకెలు. 49, 8, 12. అందరం వంగి చూశాం.

సంగప్ప అంకెలను వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నలభై తొమ్మిది, ఆగస్టు పన్నెండు. కానీ సార్, గిసొంటి బేస్ గిటారు యాభై ఒకటి కంటె ముందు అంగట్ల లేకుండెనట. సికింద్రాబాద్ మ్యూజిక్ షాపు పెద్దాయన నాకు పుస్తకంల చూపెట్టిండు. అది కూడ అమెరికాల. జపాన్‌ల ఇంక శాన ఏండ్లకు. మరి నలభై తొమ్మిదిల ఎట్ల చేసిండ్రు?"

"అంటే?"

"స్క్రూలు మంచిగనే కూసున్నయి గని..."

"స్క్రూలు ఎవడైనా మారుస్తాడయ్యా. సంవత్సరమే తప్పయితే ఇంకేం మిగిలింది? గిటారు పుట్టకముందే పుట్టిన గిటారా ఇది?"

షెడ్డులో నవ్వులు. నేనూ నవ్వాను. దేవుడు నన్ను మన్నించాలి.

సంగప్ప మెడను ఇంకోసారి తిప్పి చూశాడు. "అవు సార్. ముద్ర తప్పుది. ఎవరో ఇక్కడ చేసి, పాతదని నమ్మిచ్చనీకె ముద్ర కొట్టినట్టున్నది. ఇది జపాన్‌ది కాదు."

వెనక నుంచి డ్రమ్ములు కొట్టే పిల్లగాడు అన్నాడు, "జపాన్ నాగయ్య గాదురా, డూప్లికేట్ నాగయ్య!"

నాగయ్య ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. సంగప్ప చేతిలోంచి మెడ తీసుకుని, తనే బిగించుకున్నాడు. బిగిస్తూ తల ఎత్తకుండా అన్నాడు, "నీ మాటంటె నాకు మా నాయిన మాటసొంటిది అన్నా. నువ్వే అట్లంటె ఇగ నేను ఎవర్ని అడగాలె?"

ఆ చవితికి నాగయ్య వాయించలేదు. ఎవరో కీబోర్డు తెచ్చారు, అందులోనే బేస్ వాయించేశారు. కానీ పేరు అంటుకుపోయింది. క్యాంటీను వరుసలో నిలబడితే, "డూప్లికేట్ వచ్చిండు, డూప్లికేట్ చాయ్ పొయ్యుండ్రి" అనేవాళ్లు. జీతం రోజు సంతకం పెడితే, "సంతకం అసలుదేనా?" అని అడిగేవాళ్లు. వాళ్లకు అది రోజుకొక నిమిషం తమాషా. నాగయ్యకు అది పొద్దంతా. దొర కథంతా వాడే కల్పించాడు, ఎవరి దగ్గర కొట్టేశాడో అనేదాకా పోయింది. ఆరు నెలల్లో నాగయ్య పని మానేసి, పాశమైలారంలో వేరే కంపెనీలో చేరాడని విన్నాం.

పన్నెండేళ్లు గడిచాయి. ఆర్కెస్ట్రాలు పోయాయి, క్యాసెట్లు వచ్చాయి. బీరంగూడ గుట్ట కింద జొన్నచేలు పోయి ఇళ్లు వచ్చాయి. రాజవ్వకు మోకాళ్ల నొప్పులు మొదలైతే, మల్లన్న గుట్ట మెట్ల మీద సంగప్ప ఒక మెట్టు ముందు ఎక్కి చెయ్యి అందించేవాడు. గోడ మీద గిటార్లు పదకొండు అయ్యాయి. ఆర్కెస్ట్రా మూసేసిన వాళ్లు అమ్మేస్తూ, "నీ దగ్గరుంటే బతికుంటది సంగన్నా" అని ఇచ్చిపోయేవాళ్లు. నాగయ్య మాట మా మధ్య వచ్చేది కాదు.

తొంభై ఏడు వేసవిలో మా ఫ్యాక్టరీకి జపాన్‌లో వాడిన పాత లేత్ మిషన్లు రెండు వచ్చాయి. ఎనభై రెండులో వచ్చిన మిషను కొత్తది, మన కోసమని దాని మీద అంతా ఇంగ్లీషులో ఉండేది. ఇవి అట్లా కాదు. అక్కడి కార్ఖానాలో అక్కడివాళ్ల కోసం చేసినవి. రేకుల మీద అన్నీ వాళ్ల అక్షరాలే. నేను కాగితాలు పట్టుకుని నిలబడ్డాను, సంగప్ప పెట్టె చెక్కలు ఊడదీసి మిషను మీది గ్రీజు తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

"యాదగిరీ, కాయితంల చూడు. ఈ మిషను ఏ సంవత్సరంది?"

"డెబ్బై నాలుగు."

"మళ్ల సూడు."

"పందొమ్మిది వందల డెబ్బై నాలుగే అన్నా. కొట్టొచ్చినట్టు రాసి ఉన్నది."

"మరి రేకు మీద నలభై తొమ్మిదని ఎందుకున్నది?"

వంగి చూశాను. బొమ్మల లాంటి రెండు అక్షరాలు, తర్వాత 49, తర్వాత ఇంకో అక్షరం. "మోడల్ నంబరేమో" అన్నాను.

ఆయన రెండో మిషను దగ్గరికి పోయాడు. దాని రేకు మీద గ్రీజును గుడ్డతో కాదు, అరచేత్తో తుడిచాడు. అవే రెండు అక్షరాలు, తర్వాత 52. "దీనిది చదువు."

"డెబ్బై ఏడు."

జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద రాశాడు. 49, 74. దాని కింద 52, 77. ఎంత తేడా? ఇరవై ఐదు. ఇరవై ఐదు. రెండుసార్లు ఒకే కొలత వస్తే ఫిట్టరుకు ఇంకో సాక్ష్యం అక్కరలేదు. సంగప్ప పెట్టె చెక్క మీద కూర్చున్నాడు.

"యాదగిరీ, మా భూమి పోయినప్పటి పహాణీ, భూమి లెక్క కాయితం, మా నాయిన సందుకల ఉన్నది. దాని మీద పదమూడు వందల ఎనభై మూడు అని ఉంటది. నేను సిన్నప్పుడు గసొంటిదే ఒక పాతది చూసి నవ్విన. గప్పుడు మనమున్నమా నాయినా అని అడిగిన. అది ఫసలీ బిడ్డా, సర్కారు ఏండ్ల లెక్క వేరే, మన క్యాలెండరు వేరే అని చెప్పిండు." ఆయన సుద్దముక్కను నేల మీద పెట్టాడు. "మనకొక ఫసలీ ఉన్నప్పుడు వాళ్లకొక ఫసలీ ఉండదా? పహాణీలు సూసుకుంట పెరిగినోన్ని. నాకు తట్టాలె గద. ఎవ్వనికి తట్టకున్నా నాకు తట్టాలె."

నాకు అప్పుడు అర్థమైంది. నలభై తొమ్మిది, ఆగస్టు పన్నెండు.

"డెబ్బై నాలుగుల చేసింది అది" అన్నాడు సంగప్ప. "అసలుదే. ఆ దినం స్క్రూలు కూసున్నయి. నా చెయ్యి చెప్పింది యాదగిరీ. చెయ్యి చెప్పింది, నేను ఇనలే."

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా తెరవలేదు. రాజవ్వకు ఏమీ చెప్పలేదు. ఆదివారం పొద్దున నా స్కూటరు వెనక కూర్చుని, "భానూర్ పోదాం" అన్నాడు. చేతిలో డజను అరటిపండ్లు, మడత పెట్టిన పాత పహాణీ కాగితం.

భానూర్‌లో అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో నాగయ్య భార్య మొగులమ్మ చాట చెరుగుతున్నది. సంగప్పను చూడగానే చాట ఆగింది.

"నాగయ్య ఉన్నడా చెల్లె?"

"రాత్రి పాళీ చేసొచ్చి పండుకున్నడు. ఏం పని?"

"ఆ గిటారు గురించి ఒక మాట చెప్దామని..."

"ఇంకేం మాట మిగిలింది పటేలా?" ఆమె లేచి నిలబడింది. "పన్నెండేండ్లయె మీరు మాట చెప్పి. నా మొగని పేరు నాగయ్య అని నేను మరిచిపోయేటట్టు చేసిండ్రు. పాశమైలారంల గూడ ఎవ్వడో మీ దిక్కోడు చేరి, అక్కడ గూడ డూప్లికేట్ అనుడే. నా కొడుకు బడిల కొట్లాడొచ్చిండు ఒకసారి, నీ నాయిన డూప్లికేట్ అన్నరని."

సంగప్ప తల వంచుకుని విన్నాడు. లోపలి నుంచి నాగయ్య బయటికి వచ్చాడు. తల నెరిసింది. మమ్మల్ని చూసి కొంచెంసేపు గుర్తుపట్టనట్టు నిలబడి, "కూసోండ్రి" అని మంచం వాల్చాడు. ఎంత కోపమున్న ఇల్లయినా మా దిక్కు మంచం వాల్చకుండా ఉండరు. మొగులమ్మ కూడా గొణుగుతూనే చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

"అది ఉన్నదా తమ్మీ?" అని అడిగాడు సంగప్ప.

నాగయ్య అటక మీదికి చెయ్యి చాపాడు. మొగులమ్మ పాత చీరలో చుట్టి, జనుముతాడుతో కట్టిన మూట. విప్పితే బేస్ గిటారు. తీగలు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. ఒంటికి మాత్రం ఒక్క గీత కూడా పడలేదు. సంగప్ప డ్రైవరు తీయబోయి ఆగి, నాగయ్యకు ఇచ్చాడు. "నువ్వే ఇప్పు."

నాగయ్య నాలుగు స్క్రూలు విప్పాడు. నీలి సిరా వెలిసిపోయింది కానీ అంకెలు కనబడుతున్నాయి. సంగప్ప మంచం మీద పహాణీ పరిచి ఫసలీ అంకె చూపించాడు. మిషన్ల సంగతి చెప్పాడు. వాళ్ల లెక్కకు ఇరవై ఐదు కలిపితే మన సంవత్సరం వస్తుందని వేళ్ల మీద కూడి చూపించాడు. అంతా అయ్యాక, నాగయ్య అంకెల మీద బొటనవేలు పెట్టి అన్నాడు, "అంటె ఇది జపాన్‌దే."

"జపాన్‌దే. డెబ్బై నాలుగు ఆగస్టు పన్నెండు. తప్పు చెప్పింది నేను."

"అంటె దొర నాకు అబద్దం చెప్పలే."

"చెప్పలే."

నాగయ్య విప్పిన స్క్రూలను అరచేతిలో పోగేశాడు. "ఆ తర్వాత గూడ మూడేండ్లు కార్డులొచ్చినయి అన్నా. నేను జవాబు రాపియ్యలే. గరీబోనికి నకలు సామాను అంటగట్టి, అసలుదని చెప్పి నన్ను ఆడుకున్నడని మనసుల పెట్టుకున్న. నాలుగో ఏడు కార్డు రాలే." మెడను ఒళ్లో పెట్టుకున్నాడు. "గప్పటికే ఆయనకు డెబ్బై దాటినయి. నన్ను కొడుకోలె చూసిన మనిషిని నేను దొంగ అనుకుంటనే ఉన్న. ఆయన ఏమనుకొని పోయిండో."

ఆ కార్డులు ఒకప్పుడు చదివి పెట్టింది నేనే.

మొగులమ్మే మాట్లాడింది. గొంతులో ముందటి కోపం లేదు, అలసట ఉంది. "మంచిది పటేలా, వచ్చి చెప్పినవు. కానీ ఆ దినం మందిల అన్నవు. ఇయ్యాల మా ఇంట్ల, మా ముగ్గురు నలుగురి ముందట చెప్తున్నవు. ఈ గోడలకు ఎరికే గద, నా మొగడు అబద్దాలోడు కాదని."

సంగప్ప ఆమె మొహంలోకి చూశాడు. "అవు చెల్లె. నువ్వన్నది నిజం. మందిలనే చెప్పాలె. చెప్త." జేబులోంచి ఒక కాగితం తీశాడు. అది పహాణీ కాదు. రాత్రి తన నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా చదివి రాసుకున్న చీటీ. దాన్ని నాగయ్య ముందు మంచం మీద పెట్టాడు.

"తమ్మీ, నీదొక్కటే కాదు. గట్లనే అంకె సూసి, ఇది పుట్టకముందే పుట్టినట్టున్నది, నకలుది అని నేను చెప్పినయి ఇంక ఆరున్నయి. నలభై ఐదు, నలభై ఏడు, యాభై. సంగారెడ్డిల మూడిండ్లు, రామచంద్రాపురంల రెండు, ఒకటి జోగిపేటల. అండ్ల ఎన్నిటిని నా మాటకు పారేసిండ్రో, ఏ ఇంట్ల ఎవ్వర్ని ఏమన్నరో నాకు తెల్వది. మొదలు సూర్యప్రకాశరావు సార్ ఇంటికి పోత. ఆర్కెస్ట్రల ఉన్నోళ్లు ఎంతమంది దొరికితె అంతమందిని ఆడికే పిలుస్త. అక్కన్నుంచి ఆరిండ్లు తిరుగుత."

నాగయ్య చీటీ వైపు చూశాడు కానీ చేతిలోకి తీసుకోలేదు.

"కానీ ఒక్కన్నే బయలెల్లితె, రెండో ఇంటి గడపల నోరు రాక మళ్లి ఇంటికొస్తనేమో అని భయమైతున్నది" అన్నాడు సంగప్ప. "నిన్ను మాఫీ అడుగుతలేను. అది అడిగే మొకం నాకు లేదు. ఒక్క సాయం అడుగుత. నువ్వు ఏం మాట్లాడొద్దు, నా తరఫున ఏం చెప్పొద్దు. నేను చెప్పేదాక జెర పక్కన నిలబడితె చాలు. నాతోని వస్తవా నాగయ్యా?"